మామయ్య ఇచ్చిన మాడ్యూల్

“ఈ డబ్బాలో ఉన్నది ఒక నిండు ప్రాణంరా,” అన్నాడు చీఫ్, సీలు వేసిన అట్టపెట్టెను బల్ల మీదుగా జరుపుతూ.

ఏజెంటు అందుకున్నాడు. పట్టిన పని వదలడని డిపార్ట్‌మెంటులో అతనికి ‘ఉడుము’ అని పేరు. చీఫ్ అతనికి స్వయానా మేనమామ. తల్లి పోయాక పెంచినవాడు, ఈ ఉద్యోగంలోకి తెచ్చినవాడు. ఆఫీసులో ‘సార్’, ఇంట్లో ‘మామయ్య’.

“టార్గెట్ మన మిసైల్ సైంటిస్టు. పదకొండింటికి ఆవిడ కారు కొండ దిగుతుంది. విదేశీ ముఠా అందులో బ్రేకుల్ని నడిపే ఏబీఎస్ మాడ్యూల్ మార్చేసింది. రిమోట్ నొక్కితే చాలు, బ్రేకు పట్టదు. ఇది అసలైంది. మెకానిక్ వేషంలో వెళ్ళి బిగించు.”

“నెమలికి తెలుసా?”

నెమలి డబుల్ ఏజెంట్. ఆమె నవ్వు నమ్మి ఉడుము రెండుసార్లు చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడ్డాడు.

“తెలుసు. ఏం చెప్పినా వినకు. నన్ను నమ్ము.”

తొమ్మిదిన్నరకు ఉడుము గ్రీజు మరకల చొక్కాలో, సైంటిస్టు కారున్న సర్వీస్ షెడ్డులో ఉన్నాడు. బ్యాటరీ వైరు తప్పించాడు. కనెక్టర్ ఊడదీశాడు. మాడ్యూలును పట్టి ఉంచిన నాలుగు స్క్రూల దగ్గర చెయ్యి ఆగింది. ఫ్యాక్టరీలో పెట్టిన పసుపు పెయింటు గుర్తు ఒక్కదాని మీదా చెదరలేదు. ఎవరైనా విప్పి ఉంటే అది పగలాలి కదా?

‘మామయ్య చెప్పాక ఇంకా అనుమానమేంట్రా’ అని తన్ను తానే తిట్టుకుని స్క్రూలు తిప్పాడు. కొత్తది బిగించి స్కానర్ పెట్టాడు. ‘నో ఫాల్ట్.’

ఫోన్లో కోడ్ చెప్పాడు: “మందు వేశాను. పేషెంటుతో పాటు నేనూ వెళ్తున్నా.”

“నీ ఇష్టం,” అన్నాడు మామయ్య.

సైంటిస్టు కారు నడుపుతుంటే, చక్రం దగ్గర ఏదో చప్పుడు చూడాలన్న వంకతో ఉడుము పక్క సీట్లో కూర్చున్నాడు. కొండ దిగుడు మొదలైంది. చొక్కా గుండీ అంత ఇయర్‌పీస్‌లో నెమలి గొంతు పలికింది.

“ఎక్కడున్నావ్?”

“కార్లో.”

“దిగిపో! నువ్వు తీసేసిందే మంచిది. పెట్టింది ముఠాది.”

“అబద్ధం. అది నాకిచ్చింది...”

“ఎవరిచ్చారో ఆయనే వాళ్ళ మనిషి. నేను ఆవిడ చావుకి ఒప్పుకున్నాను. నీ చావుకి కాదు.”

చెదరని ఆ పసుపు గుర్తులు కళ్ళ ముందు మెదిలాయి. నెమలి నిజం చెబుతోంది.

“బాబూ, బ్రేకు పట్టట్లేదు!” సైంటిస్టు కేక.

మలుపు దూసుకొస్తోంది. పిట్టగోడ అవతల లోయ. ఉడుము డ్యాష్‌బోర్డు కిందకి దూరాడు. కరెంటు ఆగితే మాడ్యూలు చచ్చిపోతుంది, బ్రేకు మామూలు బ్రేకవుతుంది. ఫ్యూజులు తడిమాడు. ఒకటి లాగాడు. కాదు. రెండోది గోళ్ళతో పీకాడు.

“ఇప్పుడు తొక్కండి!”

టైర్లు కీచుమన్నాయి. పిట్టగోడకు జానెడు దూరంలో కారు ఆగింది.

మలుపు పక్కన ఆపిన జీపు దగ్గర మామయ్య నిలబడి ఉన్నాడు. చేతిలో రిమోట్. పారిపోలేదు. ఉడుము వెళ్ళి రిమోట్ లాక్కుని, చేతులకు బేడీలు వేశాడు.

“నేను లోపల ఉన్నానని తెలియదు కదా, మామయ్యా?” తెలియదంటాడేమోనన్న ఆశతో చిన్నపిల్లాడిలా చూశాడు.

“నువ్వే చెప్పావుగా, వెళ్తున్నానని.” ముసలాయన తల తిప్పుకున్నాడు. “వాళ్ళ చేతిలో నా గుట్టుందిరా.”

ఉడుము ఆయన్ని జీపులో కూర్చోబెట్టి, తలుపు వేసి, బలగాలకు కబురు పెట్టి కారు దగ్గరకు వచ్చాడు.

సైంటిస్టు ఇంకా స్టీరింగు వదల్లేదు. “ఇక్కడ ఏబీఎస్ అని పసుపు లైటు వెలుగుతోంది బాబూ. ప్రమాదమా?”

“ఏబీఎస్ పనిచెయ్యట్లేదని చెబుతోంది. వెలగనివ్వండి మేడమ్,” అన్నాడు ఉడుము. “పొద్దుట్నుంచి నాకు ముందుగా నిజం చెప్పిన మర్యాదస్తులెవరూ లేరు. కనీసం అదైనా చెప్పనివ్వండి.”