చేత్తో ముట్టుకోవద్దు

"ఎవరు నొక్కమన్నారు నిన్ను?" ఆమె అరుపుకి పక్క సీట్లవాళ్లు తలలెత్తి చూశారు.

"నా టూల్, నా బటన్. డెమో ముందు అంతా ఫ్రెష్‌గా ఉంటుందని నొక్కాను" అన్నాడతను, ఏదో ఘనకార్యం చేసినవాడిలా.

ఆఫీసులో అందరూ అతన్ని జనరేటర్ అంటారు. వాషింగ్ మెషీన్లను నడిపించడానికి ఆమె ఒక కొత్త ప్రోగ్రామింగ్ భాష తయారుచేసింది. ఏ కొత్త భాషైనా సరే, నియమాలు చెబితే చాలు, దాన్ని చదివి అర్థం చేసుకునే పార్సర్ అనే ప్రోగ్రామ్‌ను పుట్టించే జనరేటర్‌ను అతని టూల్ దానంతటదే పుట్టిస్తుంది. పుట్టించిన ప్రతి ఫైలు నెత్తినా "చేత్తో ముట్టుకోవద్దు" అని రాసిపెడుతుంది.

ఆమె రోజూ ముట్టుకుంటూనే ఉంది. బ్రాకెట్‌లో ఇంకో బ్రాకెట్ వస్తే చాలు, ఆ టూల్ తికమకపడేది. లోపలిది మూయగానే పనైపోయిందనుకునేది. లంచ్ మానేసి మరీ ఆ తప్పును చేత్తో దిద్దేది ఆమె. క్యారియర్ నిండుగా తిరిగి రావడం చూసి "ఎవరే వాడు?" అని అమ్మ అడిగింది కూడా. ఇప్పుడు అతని ఒక్క నొక్కుడుతో ఫైళ్లన్నీ మళ్లీ కొత్తగా పుట్టి, ఆ దిద్దుబాట్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. గంటలో డెమో.

సంగతి వినేసరికి అతని మొహం పాలిపోయింది. "ఇన్నాళ్లూ నువ్వు దిద్దుతున్నావా? నాకు చెప్పొచ్చుగా!"

"చెప్తే? పనికిరాని టూల్ అని మేనేజర్ మూసేస్తాడు. నిన్ను పాత టీమ్‌కి, ఆ వేరే బిల్డింగ్‌కి పంపేస్తాడు. అప్పుడు నేను రోజూ ఎవరి మీద అరవాలి?"

అనేసి నాలిక కరుచుకుంది. అతను ఏదో అనబోయాడు.

"మాట్లాడకు. ముందు బ్రాకెట్ సంగతి చూడు!"

ఇద్దరూ ఒకే కీబోర్డు మీద పడ్డారు.

"ఎన్ని తెరిచిందో గుర్తుపెట్టుకోవద్దూ? బుద్ధుందా దీనికి?"

"నా బుద్ధే వచ్చింది, ఏం చేస్తాం!"

తప్పు ఈసారి టూల్‌లోనే దిద్దారు. డెమో గట్టెక్కింది. "టూల్ ఉంటుంది, నువ్వూ ఇక్కడే ఉంటావు" అని అతనితో చెప్పి మేనేజర్ వెళ్లిపోయాడు. ఆమె హమ్మయ్య అనుకుని ఫైలు తెరిచింది. పైన కొత్త వాక్యం ఉంది: "ఈమె తప్ప ఎవరూ చేత్తో ముట్టుకోవద్దు. ఈమె లేకపోతే నాకు తోచదు."

"ఛీ! ఇది క్లయింట్‌కి వెళ్తుంది. తీసెయ్!"

"ఫైల్లో కాదు, టూల్లోనే రాశాను. నువ్వు తీసేసినా, నొక్కినప్పుడల్లా మళ్లీ వస్తుంది. రేపు ఏ కొత్త భాష ఇచ్చినా వస్తుంది."

"నీతో వేగలేను బాబూ!" తల పట్టుకుంది. నవ్వు ఆగలేదు. ఆ విసురులోనే క్యారియర్ విప్పి, ఒక గిన్నె అతని ముందుకు తోసింది.

"తిను. ఖాళీగా ఎందుకొచ్చిందని అమ్మ ఇవాళ అడుగుతుంది. నీ సంగతి చెప్పేస్తాను."