మైదాతో అంటించిన చార్మినార్

"పోస్ట్‌మ్యాన్ వచ్చాడా?"

"బంద్ కదండీ, నడిచి వస్తున్నాడు."

కోడ్ సరిపోయింది. ఫోన్లో చీఫ్ రామ్మోహనరావు గొంతు తగ్గించాడు. "విను కిరణ్. సిటీ కరెంటు కంట్రోల్ పాస్‌వర్డ్‌లన్నీ ఒక చిప్‌లోకి ఎక్కించారు. రూబీ పాత స్టాంపులు అంటించి చేసిన చార్మినార్ బొమ్మలో ఏదో ఒక స్టాంపు కింద దాచారు. కొన్నవాడు విక్టర్, విదేశీ దౌత్యవేత్త. చిప్ కంటికి కనిపిస్తే తప్ప వాడి సామాను మనం ముట్టుకోలేం. బొమ్మ కారెక్కిందా, ఆస్పత్రులతో సహా ఊరంతా చీకటి. నింద ఉద్యమం మీద."

"ఏ స్టాంపు సార్?"

"రూబీకే తెలియదంటోంది. అటూ ఇటూ పనిచేసే మనిషి, ఏం నమ్మమంటావయ్యా? బొమ్మ పోతే ముందు అరెస్టయ్యేది ఆమే."

డబుల్ ఏజెంట్‌ని ప్రేమించడమంత బుద్ధితక్కువ పని ఇంకోటి లేదని కిరణ్ పాల్‌కి తెలుసు. తెలిసి ఏం లాభం?

సకల జనుల సమ్మె రోజులు. మాదాపూర్‌లో బస్సు లేదు, ఆటో లేదు. నీలం యూనిఫారం, అంటించుకున్న మీసం, భుజాన నిచ్చెన. ప్యాకింగ్ మనిషి వేషంలో, బొమ్మ ప్రదర్శనకు పెట్టిన ఐటీ కంపెనీ లాబీలోకి నడిచాడు.

గోడ మీద చార్మినార్. అన్నీ వాడేసిన స్టాంపులే, పోస్టాఫీసు ముద్రలతో సహా. నాలుగు మినార్లకూ అతికించినవి రూబీ తండ్రి ప్రభుదాస్ మస్కట్ నుంచి రాసిన ఉత్తరాల మీదివి. ఆయన పోయాక ఆమెకు మిగిలినవి అవే.

ఎర్రచీరలో రూబీ మెరిసిపోతోంది. పక్కన విక్టర్ వాచీ చూసుకుంటున్నాడు. కారు గుమ్మంలోనే ఉంది.

కిరణ్ నిచ్చెనెక్కి బొమ్మ మీది అద్దం విప్పుతుంటే, ఆమె దగ్గరికొచ్చి కసిరింది. "జర పైలం భయ్యా! మైదా ఉడకబెట్టి అంటించిన. తడి తగిలితే అన్నీ ఊడొస్తయ్!" ఆ వెంటనే గొంతు తగ్గించి, "బొమ్మ ఈడికి తేకముందు విక్టర్ మా ఇంటికొచ్చిండు. నన్ను చాయ్‌కి పంపి, చిప్ వాడే అంటించిండు. వాడికి మైదా ఏడిది? ఇల్లంత ట్యూబు జిగురు వాసన," అంది.

కిరణ్‌కి అర్థమైంది. నెత్తి మీదే మంటలార్పే స్ప్రింక్లర్ ఉంది.

"మీ నాన్నవి రూబీ..."

"ఎరికే. కానియ్." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డిపార్ట్‌మెంట్ లైటర్ తీశాడు. అందులో కెమెరా ఉంది, మైక్ ఉంది, టార్చి కూడా ఉంది. ఖర్మ, నిప్పే రాలేదు. టిక్. టిక్.

"ఏయ్! వాట్ ఆర్ యూ డూయింగ్?" విక్టర్ పరుగెత్తుకొచ్చి నిచ్చెన పట్టి ఊపాడు.

మూడోసారి వెలిగింది. స్ప్రింక్లర్ ఫట్టుమని పగిలి నీళ్ళు కుమ్మరించింది. ముందు మినార్లే జారిపోయాయి. తర్వాత మొత్తం చార్మినార్ నేల మీదికి కారిపోయింది. బోసిపోయిన అట్ట మీద ఒకే ఒక్క స్టాంపు మొండిగా నిలబడింది. కిరణ్ గోటితో పెకలించాడు. కింద నల్లటి చిప్!

విక్టర్ చెయ్యి కోటులోకి పోయింది. సెక్యూరిటీ గార్డుల వేషంలో ఉన్న చీఫ్ మనుషులు ఆ చెయ్యి అక్కడే విరిచి పట్టారు.

రూబీ నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని మస్కట్ స్టాంపులు ఏరుకుంటోంది. కొన్ని బూట్ల కింద నలిగిపోయాయి. కిరణ్ కూడా కూర్చుని ఏరసాగాడు.

ఆమె స్టాంపుల మధ్య నుంచి తడిసిన మీసం ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది.

"వాడు ఆ ట్యూబు ఏ దుకాణంల కొన్నడో అడుగు. మా నాన్నకు, నీ మీసానికి, రెండిటికీ పనికొస్తది."