వాన పడినా కదలని కలం

"వాన పడితేగానీ రాయరా? మీరు చేసేది రచనా, వ్యవసాయమా?"

వారపత్రిక సబ్ ఎడిటర్ గుమ్మంలోనే నిలబడి అడిగింది. మండుటెండలో నడిచి వచ్చిందేమో, ముఖమంతా కందిపోయింది.

రచయిత తల దించుకున్నాడు. అక్కావాళ్ళింటి మేడమీది ఆ చిన్న గదిలో ఫ్యాను తిరుగుతున్నా తెల్లకాగితాలు చెమట చేతికి అంటుకుంటున్నాయి.

"నిరుడు వానాకాలంలో అడక్కముందే ఇచ్చేవాణ్ణి కదండీ. చలికాలంలో కాస్త మందగించింది. ఎండలు మొదలయ్యాక ఒక్క వాక్యం రావడం లేదు. నా హీరోయిన్ రైల్వే ప్లాట్‌ఫామ్ మీద అలాగే నిలబడి ఉంది."

"పాపం, కాళ్ళు పీకుతుంటాయి! సోమవారంలోగా ఆమెని రైలెక్కించకపోతే సీరియల్ ఆపేస్తానన్నారు ఎడిటర్ గారు." వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగింది. "ఇంకో మాట. వచ్చే నెల నుంచి నేను వేరే ఊరి ఆఫీసుకి వెళ్తున్నాను. ట్రాన్స్‌ఫర్ నేనే అడిగాను."

ఎందుకని అడిగేలోపు దిగిపోయింది.

అతనికి ముద్ద దిగలేదు. సీరియల్ ఆగితే పాఠకులు మరిచిపోతారు. మరిచిపోతే మళ్ళీ ఎవరు వేస్తారు? కిటికీలకి తడి దుప్పట్లు కట్టాడు. చివరికి కుళాయి విప్పి, ఆ చప్పుడే వాననుకుని కళ్ళు మూసుకు కూర్చున్నాడు.

"ట్యాంకు ఖాళీ అయిందిరా మహానుభావా! ఒళ్ళంతా సబ్బుతో నిలబడ్డాను!" కింద బాత్రూంలోంచి బావ కేక.

శనివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. కుండపోతగా వాన. అతను ఎగిరి గంతేసి పెన్ను పట్టుకున్నాడు. జల్లు కిటికీలోంచి లోపలికి కొట్టింది. మట్టివాసన వచ్చింది. కాగితం మాత్రం తెల్లగానే ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ ఎండని తిట్టుకున్నాడు. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి?

టీ తెచ్చిన అక్క అతని ముఖం చూసి కంగారుపడింది.

"ఏమైందిరా? వాన వచ్చిందిగా!"

"వచ్చింది. కథే రావడం లేదక్కా."

"నిరుడంటే వేరులే. ఆ సబ్ ఎడిటరమ్మాయి ఆఫీసు నుంచి వెళ్తూ, వాన తగ్గేదాకా మన వరండాలో ఆగేది. కథ గురించి ఇద్దరూ తెగ పోట్లాడుకునేవాళ్ళు. తను అటు వెళ్ళగానే నువ్వు రాసుకోవడానికి పైకి పరిగెత్తేవాడివి. వానలు తగ్గాయి, ఆ పిల్లా ఇక్కడ ఆగడం మానేసింది."

అతను టీ ముట్టకుండానే, గొడుగైనా తీసుకోకుండా వీధిలో పడ్డాడు.

ఆఫీసులో ఆమె సొరుగు సర్దుకుంటోంది. నీళ్ళోడుతూ వచ్చిన మనిషిని చూసి లేచి నిలబడింది.

"రాసేశారా?"

"లేదు. మీరు వెళ్ళొద్దు."

"ఓహో! కథ రాయడానికి నేను కావాలా?" ఆమె సొరుగు విసురుగా మూసింది. "వానకి బదులు నేనా?"

"సీరియల్ ఆపేయమనండి. ఈ జన్మలో ఇంకొక్క లైను రాయకపోయినా బతికేస్తాను. మీరు లేని ఊళ్ళో ఎలా ఉండాలో మాత్రం తెలియడం లేదు."

ఆమె కుర్చీలో కూలబడింది.

"ఈ ముక్క చెప్పడానికి ఇన్నాళ్ళా? చలికాలమంతా చూశాను, ఎండాకాలమంతా చూశాను. వాన లేకపోయినా ఓసారి రండి అంటారేమోనని. అనలేదు. అందుకే ట్రాన్స్‌ఫర్ అడిగాను, మొద్దు మనిషీ!"

"ఇప్పుడంటున్నాను. రండి. రోజూ రండి."

ఆమె కళ్ళు తుడుచుకుని నవ్వింది. తన కుర్చీ అతనికిచ్చి, కాగితాల కట్ట ముందు పెట్టింది.

"ట్రాన్స్‌ఫర్ సంగతి నేను ఎడిటర్ గారితో మాట్లాడతాను. ముందు మీరు రాయండి."

అతని పెన్ను కదిలింది. ఓ పేజీ నిండి రెండోదిలోకి వచ్చేసరికి ఆమె ఫోన్ మోగింది.

"వాడు అక్కడికే వచ్చాడా అమ్మా?" అక్క గొంతులో ఆందోళన. "ఈ వానలో ఎటు పోయాడో ఏమో..."

"ఇక్కడే ఉన్నారు. రాసుకుంటున్నారు. కంగారుపడకండి వదినా."

ఇన్నాళ్ళూ 'అక్కా' అని పిలిచిన పిల్ల! ఫోన్లోంచి కేక వినిపించింది.

"ఏమండీ, ఇలా రండి! నన్ను వదినా అంటోంది!"