గేటు దాటిన మెయిలు

"పిచ్చుకను లేపేయాలి. ఈ సాయంత్రం లోపే."

ఆ మాట అనేసి చీఫ్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఏజెంట్ డేగ కుర్చీలోంచి లేచాడు. పిచ్చుక తోటి ఏజెంటే కాదు, సొంత చెల్లెలి మొగుడు.

"సార్, ఇంకొక్కసారి చూస్తే..."

"ఏం చూస్తావయ్యా? రహస్యాలున్న చిప్ తీసుకుని పడవల రేవుకు రమ్మని నువ్వే మెయిల్ రాశావు. ఆర్కైవ్‌లో కాపీ ఉంది. వాడు పాత వంతెనకు పోయాడు. అక్కడ విదేశీ ముఠా కాచుకుని ఉంది. చిప్ పోయింది, వీడు మాయం. ఇంకేం కావాలి?"

డేగ కూడా ఆ కాపీ చూశాడు. ఆ కాపీని నమ్మే నిన్న చెల్లెలి గడపలో నిలబడి, "నీ మొగుడు ద్రోహి" అనేసి వచ్చాడు.

"చొక్కా గుండీ ఊడినా నాకు చెప్పకుండా గడప దాటడన్నయ్యా," అంది ఆమె. "ఆయనకేదో అయింది." అతను వినిపించుకోలేదు.

చీఫ్ గది బయట వరండాలో సెంటు వాసన. మెయిల్ గేట్ ఆఫీసర్ నెమలి ఎదురొచ్చింది. బయటకు వెళ్లే ప్రతి మెయిల్‌నూ ఆమే దిద్దుతుంది, అసలు పేర్లు తీసేసి కోడ్ పేర్లు పెడుతుంది.

"పాపం, సొంతవాళ్లే వెన్నుపోటు పొడిస్తే ఎవరికి చెప్పుకుంటాం?" అంటూ ఒక అడ్రస్ చేతిలో పెట్టింది. "మా ఇన్ఫార్మర్ చెప్పాడు. అక్కడే దాక్కున్నాడట."

డేగ ప్లంబర్ వేషం వేశాడు. సంచిలో పైన పానాలు, అడుగున సైలెన్సర్ పిస్టల్. ఆ అడ్రస్‌కు వెళ్లి తలుపు తట్టాడు.

"కుళాయి కారుతోందన్నారు."

"కారేది కుళాయి కాదు, పైకప్పు." కోడ్ కలిసింది. తలుపు తెరుచుకుంది.

"వచ్చావా బావా! ఆ మీసం ఎవరంటించారు? ఊడిపోతోంది."

డేగ పిస్టల్ ఎత్తాడు. పిచ్చుక రెండు చేతులూ పైకెత్తాడు.

"రేవుకు రమ్మంటే వంతెనకెందుకు పోయావు?"

"నువ్వు రాసినట్టే పోయాను! ఆ తర్వాత ఈ గదిలోనే ఉండు, ఎవరికీ ఫోన్ చేయకు అన్నదీ నువ్వేగా?"

ఫోన్ చూపించాడు. డేగ రేవు అని రాసిన చోట వంతెన ఉంది. గది మాట, ఫోన్ మాట అతను రాయనేలేదు.

"నువ్వే మార్చుకుని ఉంటావు."

"అయితే ఇప్పుడే ఒకటి పంపి చూడు. తర్వాత కాల్చు. నేనెక్కడికి పోతాను, ఉన్నది ఒక్క ప్యాంటు!"

పిస్టల్ దించకుండానే డేగ చేతి వాచీలో టైప్ చేశాడు: గది వదిలి లైబ్రరీకి రా. వెంటనే ఆర్కైవ్ తెరిచాడు. కాపీలో లైబ్రరీయే ఉంది. కాసేపటికి పిచ్చుక ఫోన్ మోగింది: గది వదలకు. మన మనిషి వస్తున్నాడు, తలుపు తీసి ఉంచు.

డేగ పిస్టల్ దించాడు. సెండ్ నొక్కగానే ఆర్కైవ్ కాపీ తీసి దాచేస్తోంది. నెమలి దిద్దేది ఆ తర్వాత. దాచినదొకటి, వెళ్లినది ఇంకొకటి. గేటులో మెయిళ్లు దిద్దుతారని అందరికీ తెలుసు. మరి ఆ కాపీ ఎప్పటిదని ఒక్కరూ అడగలేదు. చెల్లెలు ఏడుస్తున్నా తనూ అడగలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. తలుపు విరిగేలా తెరుచుకుంది. లోపలికొచ్చిన నెమలి మనిషి తుపాకీ పిచ్చుక వైపు తిరిగిన క్షణంలోనే డేగ పానా విసిరాడు. గుండు పైకప్పుకు తగిలింది. వచ్చినవాడు నేల కరిచాడు.

"సార్, మెయిల్ పెట్టను, ఫోన్లోనే వినండి," అన్నాడు డేగ చీఫ్‌తో.

నెమలి లిఫ్ట్ దగ్గరే దొరికింది. పౌడర్ డబ్బాలో, దేశం దాటించమని ముఠా ఆమెకిచ్చిన చిప్ ఉంది.

"ఆర్కైవ్ వెతుక్కోండి. నా అక్షరం ఒక్కటి కూడా దొరకదు," అని నవ్వింది.

"నిజమేనమ్మా. నువ్వు పంపినవన్నీ పిచ్చుక ఫోన్లో ఉన్నాయి," అన్నాడు చీఫ్. ఆ రోజే ఆర్డర్ వేశాడు: ఇకమీదట దిద్దకముందుదీ, ఆఖరున గేటు దాటినదీ రెండూ దాచాలి.

చెల్లెలు మొగుణ్ని తల నుంచి కాళ్ల దాకా తడిమి చూసుకుంది. అన్న వైపు చూడలేదు. డేగ గడప బయటే నిలబడ్డాడు.

"చెల్లీ, ఆఫీసు నుంచి క్షమాపణ మెయిల్ వస్తుంది..."

"మెయిలా? ద్రోహి అన్న మాట నోటితోనే అన్నావుగా అన్నయ్యా."

ఎన్ని తుపాకులకు ఎదురెళ్లినా వణకని మనిషి ఆ గడప దాటలేకపోయాడు. డేగ తన మీదకు పిస్టల్ ఎత్తిన సంగతి పిచ్చుక ఆమెకింకా చెప్పనేలేదు.