డెబ్బయ్యో నిమిషం తర్వాత

ఆ ఆదివారం సాయంత్రం తిరుపతి గ్రౌండ్‌లో శేషాచలం ఫుట్‌బాల్ క్లబ్ మూడు గోల్స్ తేడాతో ఓడిపోయింది. ఆ మూడూ చివరి ఇరవై నిమిషాల్లోనే పడ్డాయి.

రూపేష్ మైక్ ముందు కూర్చొని ఆ సంగతే చెబుతున్నాడు. ఒకప్పుడు అతను తొమ్మిదేళ్ళు అదే క్లబ్‌కు డిఫెండర్‌గా ఆడాడు. మోకాలు దెబ్బతిని ఆట మానేశాక, రాష్ట్ర లీగ్ మ్యాచ్‌లను ఫోన్లలో లైవ్‌గా చూపించే ఒక యాప్‌లో కామెంటరీ చెప్పడం మొదలుపెట్టాడు. మ్యాచ్ అయ్యాక పావుగంట సేపు అతను చేసే విశ్లేషణ కోసమే చాలామంది ఆ యాప్ తెరిచేవాళ్ళు. పాత క్లబ్ కదా అని మొహమాటపడే మనిషి కాదు. నిజానికి పాత క్లబ్ పేరు వచ్చేసరికి అతని గొంతు ఇంకొంచెం లేచేది.

"డెబ్బయ్యో నిమిషం దాటితే మనోళ్ళకు కాళ్ళు లేవు," అన్నాడు. "ఆట తెలీక ఓడిపోలేదు, పరిగెత్తలేక ఓడిపోయినారు. ఈ టీమ్‌కు ఫిట్‌నెస్ చూసేవాళ్ళు ఎవురో గానీ, బాగా నిద్రపోతా ఉండారు."

అతను హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టేలోగా కామెంటరీ బాక్స్ ఇనుప మెట్ల మీద టకటకా చప్పుడైంది. క్లబ్ ట్రాక్‌సూట్ వేసుకున్న అమ్మాయి లోపలికి వచ్చింది. బయట అప్పుడే వేసవి వాన మొదలైనట్టుంది, జుట్టు మీద నాలుగు చినుకులు మెరుస్తున్నాయి. ముఖంలో మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ.

"ఆ నిద్రపోతా ఉండేది నేనే," అంది. "లేసి వచ్చినాను."

ఆమె పేరు లోహిత. ఫిజియోగా టీమ్‌లో చేరి నాలుగు నెలలైంది. రూపేష్ తడుముకోలేదు. కుర్చీ చూపించాడు, ఆమె కూర్చోలేదు. వాతావరణం చల్లబరుద్దామని మీది ఏ ఊరని అడిగాడు. పుత్తూరు అంది.

"ఓహో, ఎముకలు విరిగితే కట్టు కట్టే ఊరు."

"కాళ్ళకు, చేతులకు కడతారు. నోటికి కట్టేది మా ఊర్లో ఎవురికీ రాదు. వచ్చుంటే మొదట మిమ్మల్నే పిల్చుకోని పోయుంటాను."

రూపేష్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఈ సీజన్‌లో టీమ్ ప్రాక్టీస్ ఒక్క రోజైనా చూశారా అని ఆమె అడిగింది. లేదన్నాడు. మ్యాచ్ రోజుల్లో తప్ప తనను గేటు దాటనివ్వొద్దని క్లబ్ ప్రెసిడెంట్ మునిరామయ్య వాచ్‌మన్‌కు చెప్పి ఏడాదవుతోందన్నాడు.

"లోపలి సంగతులు బయట చెప్పే మనిషిని కాదు నేను," అంది లోహిత. "ఉత్తరం గోడ పక్కన టీ బంకు ఉండాది. ఆడ బెంచీ మీద కూర్చుంటే గ్రౌండ్ అంతా కనిపిస్తాది. ఒక వారం చూసి, అప్పుడు మాట్లాడండి."

అలా చెప్పి వానలోకే దిగి వెళ్ళిపోయింది. తిట్టడానికి వచ్చిన మనిషి ఇంకాసేపు ఉండి తిడితే బాగుండునని రూపేష్‌కు అనిపించడం జీవితంలో అదే మొదటిసారి.

సోమవారం ఉదయం ఆరింటికల్లా అతను టీ బంకు బెంచీ మీద ఉన్నాడు. గ్రౌండ్‌లో తెల్ల బట్టలు వేసుకున్న పిల్లలు బ్యాట్లు ఊపుతున్నారు. బంకు ఆయనను అడిగితే, సంక్రాంతి దాటినప్పటి నుంచీ ఉదయం ఆరు నుంచి నాలుగు గంటల సేపు గ్రౌండ్‌ను క్రికెట్ కోచింగ్ వాళ్ళకు ఇచ్చారని చెప్పాడు. ఫుట్‌బాల్ వాళ్ళు పదింటికి వచ్చారు. పన్నెండు దాకా ఆ ఎండలోనే పరుగులు. పదకొండున్నరకల్లా ఇద్దరు గోడ నీడలో కూలబడ్డారు. లోహిత ఒక చేత్తో ఐస్ డబ్బా పట్టుకొని ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరకు పరిగెడుతోంది. మధ్యలో కోచ్‌తో చేతులు తిప్పుతూ ఏదో వాదిస్తోంది. వాచీ చూపిస్తోంది, ఆకాశం చూపిస్తోంది.

రూపేష్ ఆటగాళ్ళను చూడటానికే వచ్చాడు. రెండో రోజుకు తను ఎక్కువసేపు ఎవరిని చూస్తున్నాడో అతనికే తెలిసిపోయింది.

గురువారం ప్రాక్టీస్ అయ్యాక లోహిత బంకు దగ్గరకు వచ్చి, రెండు టీలు చెప్పి, బెంచీ ఆ చివర కూర్చుంది.

"ఈ టైమింగ్ మార్చమని కమిటీకి మీరు రాసిచ్చినారా?" అని అడిగాడు.

"టీ బాగుండాది," అంది.

"ఎన్నిసార్లు రాసిచ్చినారు?"

"అల్లం కొంచెం ఎక్కువయింది."

రూపేష్‌కు జవాబు దొరికినట్టే. గ్లాసు పెట్టి లేవబోతూ, అలవాటుగా బెంచీ మీద చెయ్యి ఆనించి పైకి లేచాడు. ఆమె కళ్ళు అక్కడే ఆగాయి. ఎడమ మోకాలు పూర్తిగా వంగడం లేదని చెప్పేసింది. ఎన్నేళ్ళయిందని అడిగింది. నాలుగేళ్ళన్నాడు.

"ఎట్ల తగిలింది దెబ్బ?"

"టీ బాగుండాది," అన్నాడు.

లోహిత మొదటిసారి నవ్వింది. కానీ ఆ ప్రశ్నను వదిలిపెట్టే మనిషిలా మాత్రం కనిపించలేదు.

ఆ ఆదివారం మ్యాచ్ విశ్లేషణలో రూపేష్ మొదటి మాటే తన తప్పుతో మొదలుపెట్టాడు. పోయిన వారం ఫిట్‌నెస్ చూసేవాళ్ళను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాడు. తిరుపతి ఎండలో పదింటికి ప్రాక్టీస్ పెట్టి, డెబ్బయ్యో నిమిషంలో కాళ్ళు లేవని ఆటగాళ్ళను అనడం అన్యాయమన్నాడు. గ్రౌండ్ చల్లగా ఉన్న నాలుగు గంటలు ఎవరికి ఇచ్చారో, ఎందుకిచ్చారో చెప్పాల్సింది కమిటీయేనన్నాడు. ఆ మాటలు ఆ రాత్రే ఊరంతా తిరిగాయి. అభిమానులు క్లబ్ ఆఫీసు ముందు బారులు తీరారు. మునిరామయ్య ఫోన్ చేసి, తిన్నింటినే అంటావా అని పది నిమిషాలు అరిచాడు. శుక్రవారానికి ప్రాక్టీస్ ఉదయం ఆరింటికి మారింది.

లోహిత నుంచి మాత్రం ఒక మెసేజ్ వచ్చింది. ఒక మగమనిషి మైక్‌లో "తప్పు నాది" అనడం ఇదే మొదటిసారి విన్నానని, ఆర్టీసీ బస్సు నడిపే తన నాయన చెంగయ్య దాన్ని రెండుసార్లు పెట్టించుకొని విన్నాడని రాసింది. ఆ మెసేజ్‌ను రూపేష్ ఎన్నిసార్లు చదివాడో అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఇద్దరికీ ఫోన్లో మాట్లాడుకోవడానికి రోజూ ఏదో ఒక సాకు దొరికేది. ఒక రోజు కార్నర్ కిక్ గురించి, ఒక రోజు ఆమె పంపిన మోకాలి ఎక్సర్‌సైజుల గురించి. చేశారా అని ఆమె అడిగేది. చేశానని అబద్ధం చెబితే, గొంతు వినే కనిపెట్టేది. క్లబ్ వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచి సెమీఫైనల్‌కు చేరింది.

ఆ సెమీఫైనల్‌కు ముందే గొడవయింది. కెప్టెన్ గిరి మోకాలు వాచింది. జట్టు గోల్స్‌లో సగం అతనివే. రెండు వారాలు గ్రౌండ్‌లోకి దింపకూడదని లోహిత రాసిచ్చింది. ఇంజెక్షన్ వేసి ఆడించమన్నాడు మునిరామయ్య. ఇదేదీ ఆమె రూపేష్‌కు చెప్పలేదు. మ్యాచ్ రోజు ఆటగాళ్ళ జాబితా కామెంటరీ బాక్స్‌కు వచ్చినప్పుడు అందులో గిరి పేరు ఉంది. కింద చూస్తే, లైన్ పక్కన మునిరామయ్య వేలు చూపిస్తూ మాట్లాడుతున్నాడు. లోహిత తల అడ్డంగా ఊపుతోంది. తర్వాత ఆమె మెడలోని ఐడీ కార్డు తీసి ఆయన చేతిలో పెట్టి, నిదానంగా నడిచి వెళ్ళి జనం మధ్య గ్యాలరీలో కూర్చుంది. ఏడవలేదు, తల కూడా దించుకోలేదు.

రూపేష్‌కు ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. మ్యాచ్‌కు ఇంకా అరగంట ఉంది. మైక్ ఆన్ చేశాడు.

"ఈ పొద్దు నేను క్లబ్‌ను ఏమీ అనను, నన్ను నేనే అనుకుంటాను," అన్నాడు. "నాలుగేళ్ళ కింద ఇదే గ్రౌండ్‌లో వాచిన మోకాలికి ఇంజెక్షన్ ఏయించుకోని ఆడినాను. అడిగింది క్లబ్బే. సరే అన్నది మాత్రం నేను. నన్ను ఎవురూ మెడబట్టి తొయ్యలేదు. నేను లేకుంటే టీమ్ లేదనుకున్నాను. అరవయ్యో నిమిషంలో పడినాను, మళ్ళా ఆడింది లేదు. క్లబ్‌ను ఇన్ని మాటలన్నోణ్ణి ఈ ఒక్క మాట దాచిపెట్టినాను. ఎందుకంటే దీంట్లో సగం తప్పు నాది. ఈ పొద్దు ఎవురైనా అట్లాంటి మోకాలితో బూట్లు కట్టుకుంటా ఉంటే, వద్దనే మనిషి మాట వినప్పా. ఆ మనిషి నీ ఆటకు అడ్డం కాదు. నీకు పదేళ్ళ ఆట మిగిలిస్తా ఉండాది."

డ్రెస్సింగ్ రూంలో ఎవరి ఫోన్లోనో ఆ గొంతు వినిపిస్తూనే ఉంది. గిరి రెండో బూటు లేసు కడుతూ ఆగిపోయాడు. రెండూ విప్పేసి, బయటికి వచ్చి, తను ఆడనని మునిరామయ్య ముఖం మీదే చెప్పాడు. గ్యాలరీ దాకా వెళ్ళి లోహితను వెంటబెట్టుకొని వచ్చి బెంచీలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మునిరామయ్య ఏదో అనబోయి, టీమంతా అటే చూస్తుండటంతో ఊరుకున్నాడు.

గిరి లేకుండానే జట్టు ఆడింది. తొంభై నిమిషాలకు ఒకటి–ఒకటి. ఎక్స్‌ట్రా టైమ్ అరగంట కూడా పరిగెత్తింది. నూటపదిహేనో నిమిషంలో లెఫ్ట్ బ్యాక్‌గా ఆడే డిఫెండర్ గ్రౌండ్ ఈ చివర నుంచి ఆ చివరకు బాల్ తీసుకుపోతుంటే, కామెంటరీ చెప్పాల్సిన రూపేష్ మాట మరిచి లేచి నిలబడ్డాడు. చివరకు పెనాల్టీల్లో ఓడిపోయారు. విశ్లేషణలో అతను మెత్తబడలేదు. రెండో పెనాల్టీ కొట్టినవాడు నేరుగా గోల్‌కీపర్ చేతుల్లోకే కొట్టాడన్నాడు, అది చేతగానితనమన్నాడు. కానీ నూటఇరవై నిమిషాలు ఈ టీమ్‌కు కాళ్ళున్నాయని కూడా చెప్పాడు.

మైక్ ఆపేసరికి గుమ్మంలో మునిరామయ్య నిలబడి ఉన్నాడు. మెట్లెక్కిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

"నీ మోకాలు నేను మర్చిపోయినాననుకున్నావా?" అన్నాడు. "నిన్ను చూస్తే అదే గుర్తొస్తాది. అందుకే గేటు మూయించినాను. నువ్వు తిట్టినావని కాదు."

రూపేష్ ఆ మాట ఊహించలేదు. రేపటి నుంచి గేటు తెరిచే ఉంటుందని, ఆ అమ్మాయి కార్డు ఆమెకు ఇచ్చేశానని మునిరామయ్య చెప్పాడు. గేటు తెరిచినంత మాత్రాన తను మాట తగ్గించనని రూపేష్ అన్నాడు. తెలుసులే అని ఆయన మెట్లు దిగాడు. రెండు రోజుల తర్వాత గిరి మోకాలికి స్కాన్ తీశారు. ఆ మోకాలితో ఆడి ఉంటే లిగమెంట్ తెగిపోయేదని డాక్టర్ చెప్పాడు.

ఆ వారాంతం లోహిత చంద్రగిరి వచ్చింది. రూపేష్ ఇల్లు అక్కడే. ఎక్సర్‌సైజులు ఎగ్గొడుతున్న మోకాలిని స్వయంగా చూడటానికే వచ్చానంది. కోటలో రాజమహల్ ముందు పచ్చికలో అతన్ని కూర్చోబెట్టి, కాలు చాపించి, రెండు చేతులతో మోకాలు పట్టుకొని నెమ్మదిగా వంచుతోంది. కొండ మీద మబ్బు దిగుతోంది.

"ఒక మాట చెప్పాల," అన్నాడు.

"మోకాలు గురించా?"

"కాదు."

"అయితే కాలు కదపకుండా చెప్పండి."

"నువ్వంటే నాకు ఇష్టం. పెళ్ళి చేసుకుందామని ఉండాది."

ఆమె చేతులు ఆగాయి. "మీరు" పోయి "నువ్వు" వచ్చిందని గమనించినట్టు కనుబొమ్మ ఎత్తింది. మోకాలిని మళ్ళీ నెమ్మదిగా వంచింది.

"నాకు ఒక షరతు ఉండాది," అంది. "నేను ఉండానని మా క్లబ్‌ను ఒక్క మాట తక్కువ అనకూడదు. అట్ల తగ్గించినావంటే నా పని విమర్శకు నిలబడదని నువ్వే ఒప్పుకున్నట్టు. మైక్‌లో నన్ను పొగడను కూడా పొగడొద్దు."

"తిట్టేదానికి ఇబ్బంది లేదు. పొగడకుండా ఉండేది కష్టం."

"ఇంట్లో పొగుడు," అంది, మోకాలి వైపే చూస్తూ. "ఆడ ఎంతసేపైనా వింటాను."

వాన పడింది. ఇద్దరూ లేచే ప్రయత్నం చేయలేదు.

మే చివర్లో రూపేష్ తల్లి యశోదమ్మను తీసుకొని పుత్తూరు వెళ్ళాడు. చెంగయ్య డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే కూర్చున్నాడు. యాప్‌లో మాట్లాడేది ఉద్యోగమేనా అని అడుగుతారేమోనని యశోదమ్మ ముందే భయపడింది గానీ, ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నానని, తప్పు తనదని ఒప్పుకున్న మనిషి ఇంతవరకు తన బస్సు ఎక్కలేదని, ఒకడు దొరికితే ఎందుకు వదులుకుంటానని అన్నాడు. యశోదమ్మ కళ్ళు తుడుచుకొని, ముహూర్తం ఎప్పుడు పెట్టుకుందామని అడిగింది.

పెద్దవాళ్ళు పంచాంగం వెతికేలోగా లోహిత ఫోన్ తీసింది.

"కొత్త సీజన్ ఆగస్టు పదిన మొదలవుతాది. నెల ముందు నుంచే మాకు క్యాంపు. అంతకు ముందు యా రోజైనా నాకు సరే, అత్తా," అంది.

యశోదమ్మ ఇంకా ముహూర్తమే పెట్టలేదు, ఆ పిల్ల అప్పుడే అత్తా అంటోంది. ఆమె కొడుకు వైపు తిరిగి, నువ్వేమంటావురా అని అడిగింది.

"జూన్ చాలు కదమ్మా," అన్నాడు రూపేష్. "జులై దాకా ఎందుకు?"