లాగితే వెడల్పయ్యే గుడ్డ

ఆ రోజు రాజోలు దగ్గరి ఆ ఇంట్లో నలుగురున్నారు. రిటైరైన ఇంజనీరు శ్రీరామచంద్రమూర్తిగారు, ఆయన భార్య అచ్చాయమ్మగారు, ఢిల్లీ డిఫెన్స్ ల్యాబ్ ఆఫీసర్నని చెప్పుకున్న భవానీదేవి, పది రోజులుగా అచ్చాయమ్మగారి దగ్గర కుట్టు నేర్చుకుంటున్న సుస్మిత. సుస్మితకు కుట్టు ముందే వచ్చు. ఆమె సీక్రెట్ ఏజెంట్.

మూర్తిగారు నైలాను దారంతో ఒక గుడ్డ అల్లారు. ఏ గుడ్డయినా పొడవుగా లాగితే సన్నబడుతుంది. ఇది వెడల్పవుతుంది. దారంలో ఏమీ లేదు, కిటుకంతా అల్లికలోనే. నడుము లోపలికి నొక్కినట్టుండే చిన్న చిన్న అరలు, లాగగానే బయటికి విచ్చుకుంటాయి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు పనికొచ్చే ఆ ఒక్క శాంపిల్ విదేశీ ముఠాకు చిక్కకూడదు. ముఠా మనిషెవరో తెలియదు. ఇంటివాళ్లను కూడా నమ్మవద్దని ఆర్డర్.

అందుకే నిన్న అచ్చాయమ్మగారు స్నానానికి వెళ్లినప్పుడు సుస్మిత ఆవిడ పెట్టె వెతికింది. పట్టుచీరలు, మందుల చీటీలు తప్ప ఏమీ లేవు. తర్వాత ఆవిడ వడ్డిస్తే తలెత్తకుండా తింది.

పదకొండింటికి జూకాలోని స్పీకర్ పలికింది. చీఫ్.

“కాయ చెట్టు మీదే ఉందా?”

సుస్మిత శాంపిల్ దాచిన సొరుగు లాగింది. ఖాళీ.

“లేదు సార్. దింపేశారు.”

“భవానీదేవి బ్యాగ్ బంగారరాజు స్కాన్ చేశాడు. క్లీన్. ఇంటివాళ్లను చూడు.”

బంగారరాజు భవానీదేవి కారు డ్రైవర్ వేషంలో ఉన్న ఏజెంట్. సుస్మిత వీధిలోకి వచ్చేసరికి భవానీదేవి ఒక కాలు కారులో పెట్టింది. ఖరీదైన హ్యాండ్‌బ్యాగ్‌ను సీటు మీదికి విసిరేసింది. అచ్చాయమ్మగారు ఇచ్చిన తాంబూలం పొట్లాన్ని మాత్రం గుండెకు హత్తుకుంది.

ఇచ్చినావిడ ముందే తాంబూలం విప్పడం ఆ ఊళ్లో ఎవరూ చేయరు. సుస్మిత లాక్కుని విప్పింది. అరటిపళ్లు మట్టిలో పడ్డాయి. లోపలున్న జాకెట్ ముక్కను రెండు చేతులతో లాగింది. అది వెడల్పయింది.

బంగారరాజు జేబులోంచి బేడీలు తీశాడు. “కూర్చోండి మేడమ్. ఏసీ వేసే ఉంది.”

కారు వెళ్లిపోయింది.

“నిన్న మీరు ఈ గుడ్డ చూపిస్తే ఆవిడ తెగ మెచ్చుకున్నారు కదండీ,” అన్నారు అచ్చాయమ్మగారు భర్తతో. “ఉత్త నైలాను దారమేనన్నారు మీరు. ఇంటికొచ్చిన ఆడమనిషి మెచ్చుకుంటే పెట్టమా?”

ఆవిడ సుస్మిత వైపు తిరిగారు.

“నా మీదా అనుమానమేనా?”

“ఆయ్.”

“నా పెట్టె వెతికేవా?”

“ఆయ్.”

“నిన్న పనసపొట్టు కూర రెండోసారి వేయించుకున్నావు. అప్పటికే వెతికేసేవా?”

సుస్మిత శాంపిల్ వైపు చూస్తూ అంది. “అప్పటికేనండి.”

అచ్చాయమ్మగారు లోపలికెళ్లి కుంకుమ భరిణె తెచ్చి, సుస్మితకు బొట్టు పెట్టారు.

“జాగ్రత్తగా వెళ్లండి,” అన్నారు, కొత్తవాళ్లతో అన్నట్టు.

జూకాలో చీఫ్ గొంతు వినిపించింది. “గుడ్ వర్క్. ఆ ఇంట్లో ఇంకో వారం ఉండటానికేం ఇబ్బంది లేదుగా?”

అచ్చాయమ్మగారు తలుపు మూసి గడియ పెట్టారు.