మెట్ల కింది గదిలో ఎర్ర వెలుగు

ఖిదిర్‌పూర్ ఓడల డాకు క్వార్టర్లలో మన తెలుగువాళ్ళుండే లైను చివర, మెట్ల కింద ఒక గది ఉంది. కిటికీ లేదు. దీపాలు పెట్టాక అటు ఎవరూ వెళ్ళరు. తలుపు కింది సందులోంచి నెత్తురులాంటి వెలుగు వస్తుందనీ, పుల్లటి వాసన వేస్తుందనీ... లోపల ఎవరో నీళ్ళు కదుపుతుంటారనీ చెప్పుకుంటారు.

లైనుకి కొత్తగా ఏ కోడలొచ్చినా సన్యాసమ్మ మామ్మ పిలిచి మరీ చెబుతుంది. "ఓలమ్మా, ఆ గది జోలికెల్లకు. అందులో ఉన్నాది." ఆవిడ మొగుడు వెంకటేశు డాకులో క్రేను మీంచి పడి చనిపోయి ఇరవై రెండేళ్ళు. అబద్ధమాడే మనిషి కాదని ఆవిడకి పేరు.

అలాంటి గది తలుపు తీసింది ఆ లైనులోని సువర్ణ.

ధైర్యం ఉండి కాదు. ఆస్పత్రిలో ఆయా పని. పన్నెండు గంటలు మంచాల చుట్టూ తిరిగొచ్చాక భయపడటానికి కూడా ఓపిక మిగలదు. వాళ్ళమ్మ కామాక్షమ్మ పోయి నెల. చలికాలంలో అమ్మని ఎండలో కూర్చోబెట్టి, సరదాపడి కొన్న పాత డబ్బా కెమెరాతో తీసిన నలుపు తెలుపు రీలు ఒక్కటే మిగిలింది. స్టూడియోవాళ్ళు, "ఇక్కడ కడగం, బయటికి పంపాలి, పోతే మా పూచీ లేదు" అన్నారు. కెమెరా అమ్మిన ముసలి బెంగాలీ దాదా మాత్రం ఫిలిం కడిగే మందులూ, మూతున్న డబ్బా చేతిలో పెట్టి, "ఇంట్లోనే చేసుకోమ్మా, కావలసింది చీకటొక్కటే" అన్నాడు.

చీకటి ఆ గదిలోనే ఉంది.

మొదటి రాత్రి తలుపు సందుల్లో గుడ్డలు కుక్కింది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే. ఆ నల్లదనంలో తడుముకుంటూ ఫిలింని డబ్బాలోని చక్రానికి చుట్టింది. రెండుసార్లు ఇరుక్కుంది. మెడ వెనక ఎవరో ఊపిరి వదిలినట్టయింది... తిరిగి చూడలేదు. చూసినా ఏం కనబడుతుంది?

"ఎవరైనా ఉంటే ఉండండమ్మా," అని గొణిగింది. "నాకు పొద్దున్నే డ్యూటీ."

డబ్బా మూత బిగించాక లైటేసింది. మందు పోసింది, కదిపింది, పారబోసింది. తర్వాత వెనిగర్ నీళ్ళు. గదంతా పుల్లటి వాసన. చివరికి బొమ్మ చెరగకుండా హైపో. తడి ఫిలిం ఆరేద్దామని తలెత్తితే... గోడకి గోడకి మధ్య సన్నటి తీగ. దానికి తుప్పుపట్టిన క్లిప్పులు, వరసగా. ఎవరు కట్టారో ఆలోచించే ఓపిక కూడా లేక, ఫిలిం తగిలించి వెళ్ళి పడుకుంది.

మర్నాటి రాత్రి, ఫొటో కాగితాన్ని పాడుచేయని ఎర్ర బల్బు పెట్టింది. కాగితం మీద ఫిలిం పరిచి, పైన గాజు పలక పెట్టి, తెల్ల లైటు ఒక్క క్షణం వేసి ఆర్పింది. కాగితాన్ని పళ్ళెంలోని మందులో ముంచి కదపసాగింది. ముందు ఏమీ లేదు. తర్వాత బూడిదరంగు మచ్చ... కొంగు అంచు... ముక్కుపుడక...

బయట అడుగుల చప్పుడు.

ఆగింది. తలుపు మీద గోళ్ళతో గీకుతున్నట్టు — మెల్లగా. కింద కుక్కిన గుడ్డ జారి, ఎర్ర వెలుగు బయటికి పడుతోందని అప్పుడు గమనించింది సువర్ణ.

"మావా..." గుసగుస. సన్యాసమ్మ గొంతు. "వొచ్చీసినావేటి?"

సువర్ణ చేతులు మందులోనే ఉండిపోయాయి.

"దెయ్యమని అందరికీ నానే సెప్పినాను మావా. నీ ఎర్రదీపం ఆఫీసోల్లు సూస్తే గది లాగేసుకుంతారని... ఇప్పటికీ సెప్తానే ఉన్నాను." ముసలి ఊపిరి తలుపుకి తగులుతోంది. "నా పోటో ఇంకా అవనేదేటి?"

తలుపు తీస్తే వరండా లైటు పడి కాగితం నల్లబడిపోతుంది. అమ్మ కళ్ళు ఇంకా తేలలేదు.

"రెండు నిమిషాలు," అంది సువర్ణ. "రెండే నిమిషాలు."

బయట తలుపుకి ఆనుకుని కూలబడిన చప్పుడు.

"క్రేనెక్కిన ఆ రోజూ ఇలాగే అన్నావు, మావా."